ఆషాఢంలో బేరం, శ్రావణంలో బయానా: పాత ఫ్లాటుని చెప్పిన రేటు కన్నా తక్కువకి అడగడం ఎలా

మియాపూర్‌లో మాకు మొదట నచ్చిన ఫ్లాటుకి ఓనరుగారు 88 లక్షలు చెప్పారు. "పాతిక శాతం తగ్గించి అడుగు, మధ్యలో ఎక్కడో కుదురుతుంది" అని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. సరే అని 66 అన్నాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. నా ముందున్న సగం కాఫీ కప్పు తీసుకుని లోపలికెళ్ళారు. మళ్ళీ బయటికి రాలేదు. కాసేపు చూసి, మేమే చెప్పులేసుకుని వచ్చేశాం.

రెండేళ్ళ తర్వాత నిజాంపేటలో 92 లక్షలు చెప్పిన ఫ్లాటుని 84కి కొన్నాం, అదీ ఎవరి మనసూ నొచ్చుకోకుండా. ఈ మధ్యలో నేను బేరంలో ఆరితేరిపోయానని కాదు. రెండోసారి నా చేతిలో లెక్క ఉంది, అమ్మేవాళ్ళకి ఏం కావాలో తెలిసి ఉంది. ఇంటికి వంకలు పెట్టి తగ్గించేది కొంతే. అమ్మేవాళ్ళ అవసరం కనిపెట్టి అది తీరిస్తే ఇంకా దిగుతారు. కింద రాసిందంతా హైదరాబాదులో చేతులు మారే పాత ఫ్లాట్ల సంగతి. విజయవాడ, విశాఖల్లోనూ పద్ధతి పెద్దగా మారదు.

1. ముందు మీ జేబు చూసుకోండి

ఇల్లు చూడ్డానికి వెళ్ళకముందే బ్యాంకుకి వెళ్ళండి. మీ జీతానికి ఎంత లోను వస్తుందో కాగితం మీద రాయించుకోండి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు లోనైతే ఇంటి విలువలో 80 శాతం దాకా, 75 దాటితే 75 శాతం దాకా మాత్రమే ఇస్తారు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఇందులో కలపరు, అది మీ చేతి డబ్బే.

మా లెక్క చెప్తాను. 84 లక్షలకి 80 శాతం లోను 67.2 లక్షలు. మా వాటా 16.8. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6.3 లక్షలు. బ్రోకరుకి 1 శాతం, 84 వేలు. చిన్నాచితకా రిపేర్లతో కలిపి చేతిలోంచి పాతిక లక్షలు దాటింది. ఈ మొత్తం సిద్ధంగా లేకుండా బేరానికి కూర్చుంటే మీ మాటలోనే తెలిసిపోతుంది.

చివరి లక్ష దగ్గర "పోనీలే" అనిపిస్తుంది. అప్పుడు ఇది గుర్తు తెచ్చుకోండి: లక్ష అప్పు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళు కడితే మొత్తం 2 లక్షల 8 వేలు అవుతుంది.

2. చెప్పే రేటు వేరు, తెగే రేటు వేరు

వెబ్‌సైట్లలో కనిపించేవన్నీ చెప్పే రేట్లు. వాటి సగటు తీసి "ఈ ఏరియాలో ఇంత నడుస్తోంది" అనుకోవద్దు, అది అమ్మేవాళ్ళ ఆశల సగటు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని ధరనీ పూర్తిగా నమ్మలేం, దస్తావేజులో ఒకటి రాసి చేతులు మారేది ఇంకొకటి కావడం మనకి కొత్త కాదు కదా.

తెగిన రేటు తెలిసేది మనుషుల దగ్గర. అసోసియేషన్ సెక్రటరీని "ఈ మధ్య ఇక్కడ ఎవరైనా అమ్మారా అండీ" అని అడగండి. వాచ్‌మన్‌తో ఒక టీ తాగండి. లోను కోసం వాల్యుయేషన్ చేసే ఇంజనీరు పరిచయం ఉంటే అంతకన్నా మంచి దారి లేదు. ఆయన రోజూ ఆ వీధుల్లోనే తిరుగుతుంటాడు.

నేను నోట్‌బుక్‌లో రాసుకున్నవి మూడు. అదే అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో 1,400 చదరపు అడుగుల (ఎస్ఎఫ్‌టీ) ఈస్ట్ ఫేసింగ్, ఎనిమిది నెలల కింద 84 లక్షలకి అమ్మారు, అడుగు 6,000 పడింది. పక్క వీధిలో ఏడేళ్ళ బిల్డింగులో 1,350, 85 లక్షలు, అడుగు దాదాపు 6,300. వెనక వీధిలో పన్నెండేళ్ళది, 1,500, 87 లక్షలు, అడుగు 5,800. మేం చూసింది పదకొండేళ్ళది, 1,420 ఎస్ఎఫ్‌టీ, వెస్ట్ ఫేసింగ్, మూడో అంతస్తు. 92 అంటే అడుగు దాదాపు 6,480. అన్నిటికన్నా కొత్త బిల్డింగు కన్నా ఇదే ఎక్కువ చెప్తున్నారు.

రెండు జాగ్రత్తలు. ఎస్ఎఫ్‌టీ అనేది ఒక్కో బిల్డరు ఒక్కోలా కలిపి చెప్పిన అంకె, కాబట్టి టేపు పట్టుకుని గోడ నుంచి గోడకి లోపలి కొలత తీసుకోండి. అలాగే దస్తావేజులో మీ ఫ్లాటుకి వచ్చే స్థలం వాటా, అదే యూడీఎస్, ఎన్ని గజాలో చూడండి. బిల్డింగు పాతబడేకొద్దీ విలువ ఆ గజాల్లోనే మిగులుతుంది. ఒకే సైజు రెండు ఫ్లాట్లలో ఒకదానికి 35 గజాలు, ఇంకోదానికి 50 గజాలు ఉంటే వాటిని ఒక రేటున పోల్చకూడదు.

ప్రభుత్వ మార్కెట్ విలువ కూడా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూసి పెట్టుకోండి. మీరు అంతకన్నా తక్కువకి కొన్నా స్టాంపు డ్యూటీ ప్రభుత్వ విలువ మీదే కట్టాలి. ఆ తేడా 10 శాతం దాటితే కొన్నవాళ్ళ ఆదాయంగా లెక్కేసి పన్ను కూడా అడుగుతారు. హైదరాబాదులో ఇది అరుదు, చిన్న ఊళ్ళలో మాత్రం ఎదురు కావచ్చు.

3. ఎందుకు అమ్ముతున్నారో అడక్కండి, ఎప్పటికి కావాలో అడగండి

"ఎందుకు అమ్మేస్తున్నారు?" అంటే ఎవరూ నిజం చెప్పరు, ఫ్లాటుకి ఏదో దోషముందని మనం అనుమానిస్తున్నామని ముడుచుకుపోతారు. "మీకు డబ్బు ఎప్పటికి సర్దాలి, ఖాళీ చెయ్యడానికి ఎంత టైం కావాలి?" అని అడిగితే కథంతా వాళ్ళే చెప్తారు.

నిజాంపేట ఇంట్లో ఉన్నది పెద్దాయన, ఆయన భార్య. కొడుకు అమెరికాలో, ఫ్రిస్కోలో. "నవంబరులో వెళ్ళిపోతాం బాబూ, మనవరాలు పుట్టింది" అన్నారావిడ. అది జూలై. ఇంకో రెండు ప్రశ్నలకి తేలిందేమిటంటే, వాళ్ళకి ముందే 86 ఇస్తామన్నవాళ్ళు ఉన్నారు, కానీ నెలలో ఖాళీ చెయ్యాలన్నారు. అప్పటి నుంచి నవంబరు దాకా ఈ వయసులో ఎక్కడ అద్దెకుంటాం, సామాను ఎక్కడ పెడతాం అన్నది వాళ్ళ బెంగ. సంతకాలకి మళ్ళీ ఇండియా రాకుండా, డబ్బంతా బ్యాంకు ద్వారానే రావాలన్నది రెండోది.

మామూలుగా అగ్రిమెంటుకి 45 రోజులు గడువు పెట్టుకుంటారు. నేను 90 రోజులు, ప్రయాణానికి వారం ముందు రిజిస్ట్రేషన్ అన్నాను. మాకు దానివల్ల ఖర్చు ఏమీ లేదు, అద్దె ఇంట్లో ఇంకో రెండు నెలలు ఉండటం తప్ప. వాళ్ళకి అది రెండు లక్షల కన్నా ఎక్కువ.

ఇలాంటి అవసరాలు రకరకాలు. ఫ్లాటు ఖాళీగా ఉండి ఈఎంఐ, మెయింటెనెన్స్ రెండూ కడుతున్నవాళ్ళు. పంచుకోవడానికి అమ్ముతున్న అన్నదమ్ములు. కొత్త ఇల్లు ముందే కొనేసినవాళ్ళు: అది కొన్న ఏడాదిలోపు పాతది అమ్మితేనే ఆ లాభం మీద పన్ను మినహాయింపు దక్కుతుంది. పదో నెలలో ఉన్నవాళ్ళకి మూడో నెలలో ఉన్నంత పట్టుదల ఉండదు. ఏ తొందరా లేనివాళ్ళూ ఉంటారు. వాళ్ళ దగ్గర ఐదు శాతం తగ్గినా గొప్పే, రేటు న్యాయంగా ఉంటే అసలు బేరమే వద్దు, కొనేయండి.

4. తగ్గించి అడగాల్సిన లోపాలు, దండం పెట్టి వచ్చేయాల్సిన లోపాలు

బాత్‌రూం కింద చెమ్మ, పాడైన కిచెన్ కప్‌బోర్డులు, మార్చాల్సిన లిఫ్టు కోసం అసోసియేషన్ వసూలు చెయ్యబోయే వాటా: ఇవి డబ్బుతో తీరేవి. ప్లంబరుని తీసుకెళ్ళి అంచనా రాయించుకోండి. మాకు బాత్‌రూములు, కప్‌బోర్డులకి లక్షా ఎనభై, లిఫ్టు వాటా డెబ్బై వేలు, మొత్తం రెండున్నర లక్షలు తేలింది. వెస్ట్ ఫేసింగ్‌ని నేను వంకగా పట్టుకోలేదు. వాస్తుని నమ్మకపోతే అది మీకు లాభమే: ఈస్ట్ కావాలనేవాళ్ళు ఎటూ రారు, పోటీ తగ్గుతుంది.

టైటిల్ (యాజమాన్య హక్కు) లోపాలు, అనుమతుల లోపాలు ఇలాంటివి కావు. ప్లానులో లేని అంతస్తులో ఉన్న ఫ్లాటు, చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు) దాని చుట్టూ వదలాల్సిన బఫర్ జోన్‌లోనో ఉన్న బిల్డింగు, వారసుల్లో ఒకరు సంతకం పెట్టని ఆస్తి, లింకు డాక్యుమెంట్ల (పాత ఓనర్ల దస్తావేజుల) వరస తెగిపోయిన చోటు: వీటికి ఎంత తగ్గించినా తక్కువే. 2024 జూలైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చాక చెరువుల పక్క ఇళ్ళని భారీగా తగ్గించి చూపించే బ్రోకర్లు మాకే ముగ్గురు తగిలారు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం) కనీసం 30 ఏళ్ళకి తీయించండి, లాయరుకి చూపించండి, ఆ తర్వాతే రేటు మాట.

5. మూడు అంకెలు రాసుకోండి, ఒకటే బయటపెట్టండి

మొదటిది న్యాయమైన ధర. 1,420 ఎస్ఎఫ్‌టీకి అడుగు 6,000 చొప్పున 85.2 లక్షలు, అందులో రిపేర్లు రెండున్నర తీస్తే 82.7. రెండోది, ఇది దాటితే లేచి వచ్చేస్తాం అనే అంకె. మేం 84.5 అనుకున్నాం. ఈ అంకెని ఇల్లు చూడకముందు కాదు, చూసొచ్చి రెండు రోజులు ఆగి, ఇంట్లో ఇద్దరూ కూర్చుని వేసుకోండి. మూడోది మొదట చెప్పే రేటు. 80.5 అన్నాం. చెప్పినదాని కన్నా పన్నెండున్నర శాతం తక్కువ. వినగానే నొచ్చుకునేంత తక్కువ కాదు, పైకి రావడానికి మాకు జాగా ఉంది.

75, 80 లాంటి గుండ్రటి అంకెలు చెప్తే గాల్లోంచి తీసినట్టుంటాయి. 80.5 అంటే ఎదుటివాళ్ళు "ఎలా వేశారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే కదా మన నోట్‌బుక్.

6. నెల చూసుకోండి

ఆషాఢంలో, మూఢంలో, పితృపక్షాల్లో మన దగ్గర ఇల్లు కొనేవాళ్ళు పల్చబడతారు. అమ్మేవాళ్ళ ఫోను మోగదు. మోగినప్పుడు ఓపిగ్గా మాట్లాడతారు. మీకు పట్టింపులున్నా ఇబ్బంది లేదు: ఇల్లు చూడటానికి, ఈసీ తీయడానికి, రేటు మాట్లాడుకోవడానికి ముహూర్తం అక్కర్లేదు. మేం ఆషాఢమంతా మాట్లాడి, శ్రావణంలో మంచిరోజు చూసి బయానా ఇచ్చాం. అందరూ బయానాతో పరిగెత్తే శ్రావణ శుక్రవారం నాడే మొదటిసారి ఇల్లు చూడ్డానికి వెళ్తే మాత్రం ఎవరూ దిగరు.

7. ఎలా చెప్పాలి

ఇల్లు చూసేటప్పుడు నోరు కట్టేసుకోండి. అంతకుముందు ప్రగతి నగర్‌లో ఒక ఫ్లాటు చూస్తుంటే మా ఆవిడ వంటింట్లో "ఫ్రిజ్ ఇక్కడ పెట్టుకోవచ్చు" అంది, నాతోనే, మెల్లగా. గుమ్మం దగ్గర బ్రోకరు విన్నాడు. ఆ సాయంత్రం నుంచి ఆ రేటు రూపాయి కదల్లేదు.

బ్రోకరు గురించి ఒక మాట. రేటు మూడు లక్షలు తగ్గితే 1 శాతం కమీషన్లో అతనికి పోయేది మూడు వేలు. బేరం చెడితే మొత్తం పోతుంది. కాబట్టి అతనికి కావాల్సింది ఎక్కువ రేటు కాదు, త్వరగా తెగడం. మీ పై అంకె అతనికి చెప్పకండి, అది గంటలో ఓనరుకి చేరుతుంది. మీ లోను శాంక్షన్ లెటరు సంగతి, మీరు ఇవ్వగల గడువు చెప్పండి. అవీ చేరతాయి, అవి చేరడం మనకి మంచిది.

రేటు ముఖాముఖి చెప్పడం మొహమాటమైతే రాసి పంపండి. నేను పంపింది దాదాపు ఇలా ఉంది:

"అంకుల్ గారూ, నమస్కారం. ఇల్లు మా ఇద్దరికీ నచ్చింది, మీరు బాగా చూసుకున్నారని తెలుస్తోంది. మీ అపార్ట్‌మెంట్‌లోనే ఆమధ్య అడుగు 6,000కి తెగింది. బాత్‌రూములు, కప్‌బోర్డులు, లిఫ్టు వాటా కలిపి మాకు రెండున్నర లక్షలు అవుతాయి, అంచనా కాగితం జతచేశాను. మేం 80.5 లక్షలు ఇవ్వగలం. మొత్తం బ్యాంకు ద్వారానే. లోను శాంక్షన్ అయింది. మీరు నవంబరులో వెళ్ళేదాకా ఇంట్లోనే ఉండొచ్చు, రిజిస్ట్రేషన్ ఆ వారంలో పెట్టుకుందాం. ఆదివారం లోపు ఏదో ఒక మాట చెప్పండి, మాకు ఇంకో ఇల్లు చూపిస్తున్నారు."

పెద్దవాళ్ళు కట్టుకున్న, కాపురం చేసిన ఇల్లు. "మీ ఇంటికి అంత రాదు" అనే మాట ఎప్పుడూ వాడకండి. "మేం ఇంతవరకే ఇవ్వగలం" అనండి.

8. మెట్టు మెట్టుగా

జవాబు రెండు రోజులు రాలేదు. చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడమే. ఆ రెండు రోజుల్లో ఫోను చేసి "పోనీ 82" అన్నారంటే మీతో మీరే బేరమాడుకుంటున్నట్టు. మూడో రోజు బ్రోకరు "89 అంటున్నారు సార్, లాస్టు" అన్నాడు. లాస్టు అన్నాక ఇంకో రెండు సార్లు లాస్టు ఉంటుంది.

మేం పైకొచ్చిన తీరు: 80.5, తర్వాత 82.5, తర్వాత 83.5. మెట్టు మెట్టుకీ అంగ చిన్నదవాలి, సమానంగా వేస్తే ఎదుటివాళ్ళు తర్వాతి మెట్టు లెక్కేసుకుంటారు. పైకెక్కిన ప్రతిసారీ బదులుగా ఏదో ఒకటి అడిగాను: ఒకసారి గీజర్లు, ఏసీ, ఒకసారి అసోసియేషన్ బకాయిలన్నీ వాళ్ళే తీర్చడం. వాళ్ళు 86.5కి, 85కి వచ్చారు. చివరికి మేం వాళ్ళింట్లోనే కూర్చున్నాం. కాఫీ వచ్చింది. పెద్దాయన "84 చేసుకో బాబూ, అటూ ఇటూ వద్దు" అన్నారు. నా పై అంకె 84.5. అక్కడ ఇంకో పాతిక వేలకి లాగి ఉండొచ్చేమో. లాగలేదు. 90 రోజులు వాళ్ళ మంచితనం మీద కూడా ఆధారపడాలి కదా.

కుదరకపోతే తగువు పెట్టుకోకండి. "మా రేటు అలాగే ఉంటుంది, ఎప్పుడైనా ఫోన్ చెయ్యండి" అని మర్యాదగా వచ్చేసి, మూడు వారాలకి ఒకసారి పలకరించండి.

బిల్డరు దగ్గర కొత్త ఫ్లాటైతే ఈ ఎత్తులు పారవు. అడుగు రేటు తగ్గిస్తే మిగతా కొనుగోలుదారులు అందరూ అదే అడుగుతారు కాబట్టి దాన్ని కదపరు. కార్ పార్కింగ్, ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకి వేసే అదనపు రేటు), క్లబ్ హౌస్ చార్జీల్లో అడగండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ప్రీ లాంచ్ పేరుతో సగం రేటుకి ఇస్తామంటే అది బేరం కాదు, అలా అమ్మడమే చట్ట విరుద్ధం.

9. "సగం వైటు, సగం బ్లాకు" అంటే

దస్తావేజులో 55 రాద్దాం, మిగతాది క్యాషు ఇవ్వండి, రెండు లక్షలు తగ్గిస్తాం అంటారు. లోను మీద కొనేవాళ్ళకి ఇది గిట్టదు. 55కి 80 శాతం అంటే బ్యాంకు ఇచ్చేది 44 లక్షలే, మిగతాది మీరెక్కడ తెస్తారు? రేపు మీరు అమ్మినప్పుడు మీరు 55కే కొన్నట్టు లెక్కేసి లాభం మీద పన్ను వేస్తారు. ఇల్లు, స్థలం లావాదేవీల్లో 20 వేలు, అంతకు మించి క్యాషుగా తీసుకుంటే తీసుకున్నవాళ్ళకి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఈ మాట అమ్మేవాళ్ళకి మెల్లగా చెప్తే చాలాసార్లు వాళ్ళే దిగొస్తారు.

10. కుదిరాక

నోటిమాట మీద రెండు రోజులు కూడా ఉండకండి. టోకెన్ లక్ష ఆన్‌లైన్‌లో పంపి, రసీదు తీసుకుని, వారంలో అగ్రిమెంట్ రాసుకోండి. అందులో ఇవి ఉండాలి: లాయరు టైటిల్ బాగోలేదంటే అడ్వాన్సు వాపసు, బ్యాంకు ఈ ఆస్తి మీద లోను ఇవ్వనంటే వాపసు, రిజిస్ట్రేషన్ గడువు, అప్పటిదాకా పన్నులు, కరెంటు, మెయింటెనెన్స్ ఎవరివి, మాట తప్పితే ఎవరు ఎంత ఇవ్వాలి. బ్యాంకు ఇంజనీరు మీ ధర కన్నా తక్కువ విలువ కడితే ఆ కాగితం చూపించి మళ్ళీ రేటు మాట్లాడటంలో తప్పులేదు. ఏ కారణమూ లేకుండా రిజిస్ట్రేషన్ ముందు రోజు "ఇంకో లక్ష తగ్గించండి" అనడం మాత్రం చెత్త పని.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ళ తరఫున ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి కట్టాలి. 84 లక్షలకి 84 వేలు. ఇది అదనపు ఖర్చు కాదు, వాళ్ళకిచ్చే డబ్బులోంచే, కానీ బేరమప్పుడే చెప్పకపోతే చివర్లో గొడవవుతుంది. ఓనరు ఎన్నారై అయితే లెక్క మారిపోతుంది, కోత చాలా ఎక్కువ. కోత తగ్గించమని ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే లోయర్ డిడక్షన్ సర్టిఫికెట్ తెచ్చుకోమని వాళ్ళకి మొదటి రోజే చెప్పండి, మీరు ఆడిటరుని కలవండి. సరిగ్గా కట్టకపోతే పట్టుకునేది కొన్నవాళ్ళనే.

ఇంట్లో వదిలి వెళ్ళే సామాను జాబితా అగ్రిమెంటుకి జతచేయండి. ఫ్యాన్లు, లైట్లు, గీజర్లు, ఏసీ, కర్టెన్ రాడ్లు, చిమ్నీ, ఒక్కొక్కటీ పేరుపేరునా. మేం అన్నీ రాశాం అనుకున్నాం. నవంబరులో తాళం తీసి లోపలికెళ్తే ఏసీ ఉంది, రెండు గీజర్లూ ఉన్నాయి, పూజగది గోడకి మేకులు కూడా వరసగా ఉన్నాయి. జాబితాలో మర్చిపోయిన ఇన్వర్టరు ఒక్కటే లేదు.